ఎట్లు తెలిసినది? – ఖరగ్‌పూరు తెలుగు బాలుని పాఠము

ఖరగ్‌పూరును ఎన్నడును చూడని తెలుగు బాలుడు కూడ ఒకప్పుడు ఆ ఊరి పేరును కంఠస్థము చేసెడివాడు. ప్రపంచములో అన్నిటికంటె పొడవైన రైలు ప్లాట్‌ఫారము ఎచ్చట కలదను ప్రశ్నకు అదియే సమాధానము. సామాన్య విజ్ఞాన గ్రంథములలోను, ఉద్యోగ పరీక్షల ప్రశ్నలలోను ఆ వాక్యము దశాబ్దముల తరబడి చెక్కుచెదరక నిలిచినది. ఆ ఊరిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు అది పరీక్షలో వ్రాయవలసిన సమాధానము మాత్రమే కాదు. వేసవి సెలవులలో శ్రీకాకుళమో, విజయనగరమో పోయినప్పుడు మేనమామ పిల్లల యెదుట చెప్పుకొనదగిన గొప్ప.

2013లో ఉత్తరప్రదేశములోని గోరఖ్‌పూరులో 1,366 మీటర్ల ప్లాట్‌ఫారము సిద్ధమైనది. 2023 మార్చిలో కర్ణాటకలోని హుబ్బళ్ళిలో 1,507 మీటర్ల ప్లాట్‌ఫారము ప్రారంభమైనది. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము అంగుళమైనను తగ్గలేదు, దాని 1,072.5 మీటర్లును పదిలముగానే ఉన్నవి. దానినిగూర్చిన వాక్యము మాత్రము తప్పైపోయినది. అయినను పాత పుస్తకములు చదివినవారి నోట ఆ వాక్యము నేటికిని వినబడుచునే యున్నది.

ఈ చిన్న విషయమును తరగతి గదిలోనికి తీసికొని పోయిన ఉపాధ్యాయునకు చక్కని పాఠము దొరకును. “ఈ ప్లాట్‌ఫారము 1,072.5 మీటర్లు కలదు” అనునది ఒక వాక్యము. “ఇది ప్రపంచమున మిక్కిలి పొడవైనది” అనునది రెండవది. “ఇంత గొప్ప స్టేషను మరియొకటి లేదు” అనునది మూడవది. మొదటిదానిని కొలతాడు తేల్చును. రెండవదానిని కూడ కొలతాడే తేల్చును. అయితే ఒక్కచోట కొలిచిన చాలదు, ఏ సంవత్సరమున కొలిచితిమో చెప్పక తప్పదు. మూడవదానిని ఏ కొలతాడును తేల్చలేదు. మొదటి రెండును వాస్తవమునకు సంబంధించినవి, మూడవది అభిప్రాయము. ఒకప్పుడు నిజమైన రెండవ వాక్యము నేడు నిజము కాకపోవుటను గ్రహించిన బాలుడు, వాస్తవమనగా పుస్తకములో అచ్చుపడినది కాదనియు, పరీక్షకు నిలువగలిగినది మాత్రమే యనియు గ్రహించును.

వాస్తవమును అభిప్రాయమునుండి వేరుచేయుట పిల్లలకు నేర్పవలెనను మాట నేడు దేశదేశముల విద్యావేత్తల నోట వినబడుచున్నది. ఆ విద్యకు ఖరగ్‌పూరు వంటి ఊరే తగిన పాఠశాల యనుటకు కారణము దాని చరిత్రలోనే కలదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 19వ శతాబ్ది చివరి సంవత్సరములలో ఖరగ్‌పూరు దాని కూడలి స్టేషనుగా రూపొందినది. పిమ్మట అచ్చట పెద్ద వర్క్‌షాపు వెలసినది. అంతకుముందు అది మేదినీపురము జిల్లాలో అడవి యంచున నున్న పల్లె. తూర్పు కోస్తా రైలు మార్గము ఉత్తర భాగము 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చి, వాల్తేరు దానికి దక్షిణపు కొన యైనది. ఒక కొనను కళింగాంధ్రపు కరవు పల్లెలు. మరియొక కొనను చేతిపని తెలిసిన మనిషిని పిలుచుచున్న వర్క్‌షాపు. ఆ మార్గము వెంబడి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు తరతరములుగా ఖరగ్‌పూరు చేరి, రైల్వే క్వార్టర్లలోను చుట్టుపట్ల పేటలలోను స్థిరపడినవి. కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చినది. 1955లో ఆగ్నేయ రైల్వే యను పేరు వచ్చినది. తెలుగు మాత్రము ఆ ఊరి వీధులనుండి తొలగిపోలేదు. అచ్చట తెలుగు మాధ్యమపు బడులు నడచినవి. పశ్చిమ బెంగాలు మాధ్యమిక పరీక్షలో ప్రథమ భాషగా వ్రాయుటకు అనుమతింపబడిన భాషలలో తెలుగు ఒకటి. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గము తెలుగును అధికార భాషల పట్టికలో చేర్చుటకు నిర్ణయించినది.

ఇట్టి ఊరి తెలుగు బాలునకు ఇంటిలో తెలుగు, అంగడిలో బెంగాలీ, తండ్రి పనిచేయు చోట హిందీ, పెద్ద చదువులకు ఇంగ్లీషు. ఒకే సంఘటనను అతడు నాలుగు భాషలలో నాలుగు విధములుగా వినును. ఒకే భాషలో ఒకే మాట వినుచు పెరిగిన పిల్లవానికి కలుగని సందేహము ఇతనికి సహజముగా కలుగును: వీరందరు చెప్పునది ఒక్కటి కాదే, ఇందులో ఏది నిజము? ఆ సందేహమును అణచివేయక దారికి తెచ్చుటయే ఉపాధ్యాయుని పని.

ఆ పనికి తగిన బాలుని కథ యొకటి ఖరగ్‌పూరునకు చేరువనే కలదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో జన్మించిన బీర్‌సింహ గ్రామము నేడు ఖరగ్‌పూరున్న పశ్చిమ మేదినీపురము జిల్లాలోనే యున్నది. ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి ఠాకూర్‌దాసు వెంట కలకత్తాకు కాలినడకన పోవుచు, దారి ప్రక్కన పాతిన మైలురాళ్ళను చూచి అతడు ఇంగ్లీషు అంకెలు నేర్చుకొన్న వృత్తాంతమును స్వీయచరిత్రలో వ్రాసికొనెను. పట్టణము దగ్గరపడుకొలది రాళ్ళపై అంకె తగ్గుచు వచ్చును. కుమారుడు నిజముగా అంకెలు గుర్తించుచున్నాడో, లేక వరుస తెలిసి ఒప్పగించుచున్నాడో తెలిసికొనగోరి, తండ్రి ఆరవ మైలురాయి కంటబడకుండ మాటలలో దాటించి, అయిదవదానిని చూపి ఇది ఎంత యని అడిగెను. ఇచ్చట ఆరు ఉండవలసినది, పొరపాటున అయిదు చెక్కినారని బాలుడు చెప్పెను.

ఈ కథను బాలుని మేధాశక్తికి నిదర్శనముగా చెప్పుట వాడుక. దానిలో అంతకంటె విలువైన సంగతి యొకటి కలదు. ఆ చిన్నవాని సమాధానములో మూడు అంశములు విడివిడిగా నున్నవి. రాతిపై కనబడుచున్నది అయిదు – ఇది ప్రత్యక్షము. ఉండవలసినది ఆరు – ఇది వరుసను బట్టి కట్టిన లెక్క. చెక్కినవాడు పొరబడినాడు – ఇది ఆ రెండింటికిని పొత్తు కుదురక చేసిన ఊహ. ఊహ తప్పు, రాయి దాటిపోయినదని అతడెరుగడు. కాని ఊహ కొరకు అతడు కన్నులను మోసగింపలేదు. ఆరు ఉండవలెను గనుక ఆరే కనబడుచున్నదని అనలేదు. పెద్దలలో పలువురు చేయలేని పనిని ఆ బాలుడు చేసెను: తాను చూచినదానిని చూచినట్లు చెప్పి, తాననుకొన్నదానిని వేరుగా చెప్పెను. ఊహ తప్పైనను తండ్రి సంతోషించుటకు కారణము అదియే.

ఈ వివేకమునకు తెలుగునాట పాత పాఠ్యగ్రంథమే కలదు. 17వ శతాబ్ది ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును దేశమందలి సంస్కృత పాఠశాలలన్నిటను తర్కశాస్త్రమునకు తొలి వాచకముగా చదువుచు వచ్చిరి. కాశికి పోయినంతమాత్రమున ఎవడును అన్నంభట్టు కాజాలడను నానుడి ఆయన కీర్తికి గుర్తు. బాలురకు సులువుగా బోధపడుటకై ఈ గ్రంథము వ్రాయుచున్నానని ఆయన ఆరంభముననే చెప్పుకొనెను. ఇచ్చట బాలుడనగా పాలు త్రాగు శిశువు కాదు. ఆ శాస్త్రమునకు క్రొత్తవాడు.

ఆ చిన్న పుస్తకము జ్ఞానమును విభజించు తీరు గమనింపదగినది. ఉన్న వస్తువును ఉన్నట్లు గ్రహించుట యథార్థానుభవము. లేనిదానిని ఉన్నట్లు గ్రహించుట అయథార్థానుభవము. యథార్థమునకు దారులు నాలుగు: కంటితో చూచుట, గుర్తును బట్టి ఊహించుట, పోల్చి తెలిసికొనుట, నమ్మదగినవాని మాట వినుట. నమ్మదగినవాడనగా పెద్దవాడని కాని, పదవిలో నున్నవాడని కాని అర్థము కాదు. ఉన్నదున్నట్లు చెప్పువాడని అర్థము. తప్పు త్రోవలును అందులో చెప్పబడినవి: దూరమున నున్నది మోడో మనిషియో తేలక ఊగిసలాడుట సంశయము, ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొనుట విపర్యయము. సంశయము దోషమే యైనను విపర్యయమంత ప్రమాదకరము కాదు. మోడో మనిషియో యని సందేహించువాడు దగ్గరకు పోయి చూచును. చిప్పను వెండి యని నిశ్చయించుకొన్నవాడు మూటగట్టుకొని ఇంటికి పోవును. నేటి బాలునకు ఈ విభాగమునంతయు సంస్కృత పరిభాషలో వల్లె వేయింప నక్కరలేదు. దానినంతయు ఒక్క ప్రశ్నలోనికి తేవచ్చును: “నీకు ఎట్లు తెలిసినది?”

ఆ ప్రశ్నకు సమాధానమును తెలుగు భాష తన క్రియాపదముల తోకలోనే దాచుకొన్నది. “రైలు వచ్చినది” అన్నవాడు చూచినవాడు. “రైలు వచ్చినదట” అన్నవాడు విన్నవాడు. “రైలు వచ్చినదేమో” అన్నవాడు సందేహించువాడు. “రైలు వచ్చి యుండును” అన్నవాడు గడియారమును చూచి లెక్క కట్టినవాడు. బడికి పోని ముసలమ్మ కూడ ఈ నాలుగింటిని కలగాపులగము చేయదు. చూడని పెండ్లినిగూర్చి చెప్పవలసివచ్చినప్పుడు ఆమె ప్రతి వాక్యము చివర “అట” తగిలించును. ఆ ఒక్క అక్షరయుగ్మముతో తన పూచీ ఎంతవరకో చెప్పివేయును. ఖరగ్‌పూరు బాలునకు వీధిలో వినవచ్చు బెంగాలీలోను “నాకి” యను మాట తరచుగా ఇదే పని చేయును. పురాణములు కూడ ఎవరికెవరు చెప్పినది విడువక చెప్పును: శౌనకాదులకు సూతుడు, ధృతరాష్ట్రునకు సంజయుడు.

అచ్చుపుస్తకములోనికి వచ్చునప్పటికి ఈ “అట” రాలిపోయినది. ఖరగ్‌పూరు పేరునకు ఖడ్గేశ్వరుడను శివుని ఆలయము మూలమని కొందరందురు. ఆ ప్రాంతమే భీముడు హిడింబను పెండ్లాడిన వనమని మరికొందరందురు. అవ్వ చెప్పినప్పుడు “భీముడు ఇచ్చటికే వచ్చెనట” అని చెప్పును. అదియే పుస్తకమున కెక్కినప్పుడు “భీముడు ఇచ్చటికి వచ్చెను” అని మారును. అవ్వ అబద్ధము చెప్పలేదు, పుస్తకము చెప్పినది. స్థలపురాణములను పిల్లలకు చెప్పరాదని దీని భావము కాదు. కథ కథగా మధురమైనది. దాని తోకను కోసి చరిత్ర యని పేరు పెట్టినప్పుడే చిక్కు.

తెలుగులో చరిత్రరచన ఈ జాగ్రత్తను తిరిగి నేర్చుకొన్నది 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణమైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు నాగపూరులో చదివిన ప్రవాసాంధ్రుడు. శాసనమును, నాణెమును, గ్రంథమును ఒకదానితో ఒకటి ఒరసి చూచినగాని చరిత్ర తేలదను దృష్టిని ఆయన తెలుగు పాఠకులకు అలవాటు చేసెను. మరాఠీ చరిత్రకారుల కృషిని దగ్గరనుండి చూచినవాడగుటచే ఆయనకు ఈ మెలకువ కలిగినదనుట అసంగతము కాదు. పలు భాషల నడుమ నివసించుట ఒక్కొక్కప్పుడు ఇట్టి మేలు చేయును.

ఒక అభిప్రాయమును పదిమంది పలికినప్పుడు అది వాస్తవమువలె తోచుట మరియొక చిక్కు. పంచతంత్రములోని బ్రాహ్మణుని మేకకథ తెలుగు పిల్లలందరికి తెలిసినదే. భుజముపై నున్నది మేక యని అతని చేతులకు తెలియును. మొదటి దొంగ కుక్క యన్నప్పుడు కోపగించెను. రెండవవాడన్నప్పుడు దింపి చూచుకొనెను. మూడవవాడన్నప్పుడు విడిచిపెట్టి పోయెను. ముగ్గురును ఒకే మాట ఎందుకు చెప్పుచున్నారని అతడడుగలేదు. ముగ్గురు చెప్పినంత మాత్రమున మూడు సాక్ష్యములు కావు; ముగ్గురును ఒకచోట కూడి అనుకొన్న మాటయైనచో అది ఒక్క సాక్ష్యమైనను కాదు. నేడు ఒకే వార్త మేనమామ చేతిఫోనులోను, పొరుగింటివాని చేతిఫోనులోను, తోటి విద్యార్థి చేతిఫోనులోను కనబడినప్పుడు పిల్లవాడు జ్ఞాపకము చేసికొనవలసిన కథ ఇదియే.

అయితే అభిప్రాయము తక్కువదనియు, వాస్తవమే గొప్పదనియు నేర్పిన పాఠము సగము పాఠమే యగును. దీనికిని ఖరగ్‌పూరు చరిత్రయే సాక్ష్యమిచ్చును. 1927లో ఆ ఊరి రైల్వే పనివారు రెండు పర్యాయములు పెద్ద పోరాటము నడపిరి. ఫిబ్రవరిలో సమ్మె జరిగి స్టేషనులో సమ్మెకారులపై బలప్రయోగము జరిగినది. సెప్టెంబరులో పనివారిని తొలగించు విషయమై వివాదము రేగి వర్క్‌షాపు మూతపడినది. పనివారి సంఘమును నడపిన నాయకులలో ముఖ్యుడు బరంపురములో 1894లో తెలుగు కుటుంబమున జన్మించిన వరాహగిరి వేంకటగిరి. 1969లో భారత రాష్ట్రపతి యైనవాడు ఆయనయే. సమ్మె జరిగినదనుట, ఏ నెలలో జరిగినదనుట వాస్తవము. ఆ సమ్మె న్యాయమైనదా కాదా అనునది అభిప్రాయము. కంపెనీ యాజమాన్యము ఒకటి చెప్పినది. పనివారు మరియొకటి చెప్పిరి. తాత ఆ వర్క్‌షాపులో పనిచేసిన పిల్లవానికి ఒక పక్షము ఉండుట తప్పు కాదు. తన పక్షము తాతనుబట్టి వచ్చినదో, జీతములను, పనిగంటలను, తొలగింపుల జాబితాలను చూచి వచ్చినదో అతనికి తెలిసియుండవలెను.

1931 సెప్టెంబరు 16 నాటి హిజ్లీ ఉదంతము ఇంకను స్పష్టమైనది. ఖరగ్‌పూరు ప్రక్కనున్న హిజ్లీ నిర్బంధ శిబిరములో విచారణ లేకుండ బంధింపబడిన రాజకీయ ఖైదీలపై కావలివారు కాల్పులు జరిపిరి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించిరి. ఖైదీలే పైబడిరనియు, కావలివారు ఆత్మరక్షణకై కాల్చిరనియు మొదట ప్రభుత్వ ప్రకటన వెలువడినది. సుభాష్ చంద్రబోసు హిజ్లీకి వచ్చెను. పది దినములకు కలకత్తా మైదానములోని స్మారకస్తంభము కడ జరిగిన సభలో, డెబ్బదేండ్ల రవీంద్రనాథ ఠాకూరు అస్వస్థుడై యుండియు వచ్చి నిరసించెను. ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘము కూడ ఆ కాల్పులకు సమర్థన లేదని తేల్చినది.

ఇచ్చట ప్రభుత్వముద్ర పడిన ప్రకటన వాస్తవము కాలేదు. రవీంద్రుడు పలికినది అభిప్రాయమే. కాని అది ఇద్దరు మనుష్యుల మరణమను వాస్తవముపై నిలిచిన అభిప్రాయము. అది లేనిచో ఆ వాస్తవము కాగితపు కట్టలలో పడియుండెడిది. అధికారి చెప్పినందున ఒక మాట వాస్తవము కాదు, కవి చెప్పినందున ఒక మాట అవాస్తవమును కాదు. ఆ శిబిర భవనములోనే 1951లో భారతదేశపు మొదటి ఐఐటీ ఆరంభమైనది. 1990 నుండి అందులో నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల యున్నది. యంత్రములను చూచుటకు అచ్చటికి పోవు పిల్లలకు ఈ రెండు ప్రకటనల కథ చెప్పినచో విజ్ఞానమునకును చరిత్రకును పద్ధతి ఒక్కటే యని తెలియును.

ఈ విద్య లేనందువలన కలుగు హాని ఎట్టిదో 2023లో ఆ ప్రాంతము చూచినది. జూన్ 2వ తేదీ సాయంకాలము ఖరగ్‌పూరు దాటి చెన్నై వైపు పోవుచున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, ఒడిశాలోని బాలేశ్వరము జిల్లా బహానగా బజారు స్టేషను కడ ప్రక్క లైనులోనికి పోయి, నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొన్నది. ఒరిగిన పెట్టెలు ఎదురుగా వచ్చుచున్న యశ్వంతపూర్ – హౌరా బండికి తగిలినవి. ఆ చోటు ఖరగ్‌పూరు రైల్వే డివిజను లోనిది. ఆ బండి ఖరగ్‌పూరు తెలుగువారు స్వగ్రామములకు పోవు బండి. ఆ రాత్రి ఎన్ని ఇండ్లలో ఫోనులు మ్రోగినవో చెప్పనక్కరలేదు.

మృతుల సంఖ్య మొదట 288 అని ప్రకటింపబడినది. మరునాడు అది 275 అని సవరింపబడినది. కొన్ని దేహములు రెండుమార్లు లెక్కకు వచ్చినవని అధికారులు తెలిపిరి. పిదప గుర్తింపులు పూర్తియగుచు, గాయపడినవారిలో కొందరు మరణించుచు ఆ సంఖ్య మరల పెరిగి 290ని మించినది. సంఖ్య మారినది గనుక అంతయు అబద్ధమని కొందరనిరి. నిజమునకు సవరణయే వాస్తవమునకు గుర్తు. లెక్కించినవాడే లెక్క తప్పినదని చెప్పగలడు. వదంతి తననెన్నడును సవరించుకొనదు.

అదే దినములలో వదంతియు బయలుదేరినది. పట్టాల ప్రక్కన నున్న ఒక తెల్లని కట్టడము ఛాయాచిత్రమును చూపి, అది మసీదనియు, ప్రమాదము ఒక మతమువారి కుట్ర యనియు ప్రచారము చేసిరి. ఆ కట్టడము ఇస్కాన్ కృష్ణాలయమని విచారించినవారు తేల్చిరి. ఇట్టి ప్రచారము చేయువారిపై చర్య తీసికొందుమని ఒడిశా పోలీసులు హెచ్చరించిరి. ముత్యపుచిప్ప వెండిగా తోచుట అన్నంభట్టు నాటి ఉదాహరణము. ఆలయము మసీదుగా తోచుట నేటి ఉదాహరణము. అప్పుడు పోయినది చిప్ప యేరుకొన్నవాని శ్రమ మాత్రమే. ఇప్పుడు మతము పేర మనుష్యుల ప్రాణములు పోవుటకు అవకాశము కలిగినది.

రైల్వే భద్రతా కమిషనరు విచారణ చేసి ఆ నెలాఖరున నివేదిక సమర్పించెను. సిగ్నలు వలయములో పూర్వము జరిగిన మార్పులలోను, 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటు సంబంధమైన పనిలోను జరిగిన లోపముల వలన, ప్రధాన లైనునకు పచ్చ సిగ్నలు చూపుచుండగనే పట్టాలు ప్రక్క లైనునకు కలిసియుండుట సంభవించినదని తేలినది. గమనింపదగిన విషయమేమన, ఈ భద్రతా కమిషను రైల్వే మంత్రిత్వశాఖ క్రింద లేదు; పౌర విమానయాన శాఖ క్రింద నున్నది. ఎవనిపై విచారణయో వాడే విచారణకర్త కాకూడదను న్యాయము దీనిలో కలదు. తీగ ఎట్లు కలిసినదను ప్రశ్న వేరు, నేరము ఎవరిదను ప్రశ్న వేరు; మొదటిది సాంకేతిక నిపుణుడు, రెండవది న్యాయస్థానము తేల్చవలసినవి. రైల్వే ఉద్యోగుల పిల్లలకు ఈ భేదమును బోధించుటకు వేరుగా పుస్తకము అక్కరలేదు; తండ్రులు డ్యూటీ పుస్తకములో వ్రాయు తీరే చాలును. అందులో ఏ గంటకు ఏ బండి దాటినది అని యుండును గాని, ఆ బండి ఎంత అందముగా దాటినదో ఉండదు.

ఈ కొరత ఒక్క ఊరిది కాదు. 2018లో జరిగిన అంతర్జాతీయ విద్యార్థి పరీక్షలో, సంపన్న దేశములలోని 15 ఏండ్ల పిల్లలలో సూక్ష్మమైన సూచనలను బట్టి వాస్తవమును అభిప్రాయమునుండి వేరుచేయగలిగినవారు పదిమందిలో ఒక్కరికంటె తక్కువ. అదే సంవత్సరము కేరళలోని కన్నూరు జిల్లా యంత్రాంగము, దొంగవార్తలను గుర్తించుట ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నేర్పు కార్యక్రమమును “సత్యమేవ జయతే” యను పేర నడపినది. శాస్త్రీయ దృష్టిని, పరిశీలనా బుద్ధిని పెంపొందించుకొనుట పౌరుల ప్రాథమిక కర్తవ్యమని 1976 నాటి సవరణ ద్వారా రాజ్యాంగమున చేర్చబడియే యున్నది. కర్తవ్యము రాజ్యాంగములో నున్నది. పాఠము మాత్రము ప్రతి బడియును తన పరిసరములనుండియే కూర్చుకొనవలెను.

ఖరగ్‌పూరు తెలుగు బడికి అట్టి పాఠము సిద్ధముగా నున్నది. పిల్లలను తమ కుటుంబము ఈ ఊరికి వచ్చిన కథను వ్రాయుమని చెప్పవచ్చును. ముత్తాత ఏ సంవత్సరమున వచ్చెను? పాత సర్వీసు కాగితము ఇంటి పెట్టెలో నున్నచో ఆ సంవత్సరమును వ్రాసి, కాగితము చూచితినని చెప్పవలెను. కాగితము లేక అవ్వ చెప్పిన మాటయే యున్నచో “వచ్చెనట” అని వ్రాయవలెను. ఆ “అట”ను చెరిపివేయుమని ఉపాధ్యాయుడు చెప్పరాదు. దానికి మార్కులు తగ్గింపరాదు. ముత్తాత అందరికంటె గొప్ప ఫిట్టరు అని పిల్లవాడు వ్రాసినచో, అదియు ఉంచవలసినదే. అది మనుమని అభిప్రాయమని మాత్రము తెలియునట్లు వ్రాయింపవలెను. 2020లో తెలుగునకు లభించిన గుర్తింపు తేదీతో వ్రాయదగిన వాస్తవము. దానివలన తెలుగు బడులకు ఏ మేలు కలుగుననునది ఇంకను అభిప్రాయము. ఆ మేలు కలిగినదా లేదా అని పదేండ్ల పిదప చూచి చెప్పవలసినవారు ఆ తరగతిలో కూర్చున్న పిల్లలే.

ఇందులో రచయితల పాలు కొంత కలదు. ప్రవాసాంధ్రుల చరిత్రనుగూర్చి వ్రాసినవారిలో పలువురు సంఖ్యలను ఉదారముగా వాడిరి. ఎచ్చట ఎందరు తెలుగువారున్నారను విషయమున ఒక్కొక్కరిది ఒక్కొక్క లెక్క. అభిమానముచే చెప్పిన సంఖ్యకును జనగణన పుస్తకమునుండి తీసిన సంఖ్యకును భేదము చూపనిచో, మాతృభాషపై ప్రేమతో వ్రాసిన పుస్తకమే ఆ భాష నేర్చుకొను పిల్లవానికి తప్పు త్రోవ చూపును. ముద్రణలో రాలిపోయిన “అట”ను చరిత్రగ్రంథములలోను, వాచకములలోను తిరిగి నిలుపుట పెద్ద పని కాదు. తనకు తెలిసినది ఎట్లు తెలిసినదో రచయిత ఒక్క వాక్యములో చెప్పిన చాలును.

బీర్‌సింహనుండి నడచిపోయిన బాలుడు అయిదును అయిదని చదివెను. ఆరు ఏమైనదో తరువాత తండ్రి చెప్పెను. పిల్లవానికి కనబడకుండ రాయి దాటించిన పెద్దవాడు, పరీక్ష ముగిసిన పిదప ఆ సంగతి వానికి చెప్పవలసిన బాధ్యతయు వహించెను. ఖరగ్‌పూరు పిల్లలకు పాత పుస్తకములు నేర్పిన ప్లాట్‌ఫారము వాక్యమును సరిదిద్దుట నేటి పెద్దలు చేయవలసిన అట్టి పని. 1,072.5 మీటర్లు అనునది మిగులును. అది ఆ ఊరికి చాలును.